కాలు కడగడం కూడా వైద్యమే

గోదావరి డెల్టా రైతుకు పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ కూడా అంతే ముఖ్యం. కాలువ నీరు అందకపోతే చేను ఎండిపోతుంది. డ్రెయిన్ పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుని, నీరు కదలకపోతే అదే చేను మునిగి కుళ్ళిపోతుంది. అయినా కాలువలకు నీళ్ళు ఎప్పుడు వదులుతారన్న దాని మీద ఉన్నంత ఆరాటం డ్రెయిన్ల పూడికతీత మీద కనబడదు. ముంపు వచ్చాకే అవి గుర్తొస్తాయి. మన ఒంటి విషయంలోనూ ఇదే జరుగుతోంది. గుండె, రక్తనాళాలు, బీపీ అనే మాటలు ఇవాళ ప్రతి ఇంట్లో వినబడుతున్నాయి. రక్తంలోంచి ఒంట్లోకి ఊరిన నీటిని మళ్ళీ రక్తంలో కలిపే రెండో నాళాల అల్లిక ఒకటుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పాఠ్యపుస్తకాలు దాన్ని శోషరస వ్యవస్థ అంటాయి, డాక్టర్లు లింఫ్ వ్యవస్థ అంటారు. అది చెడిపోతే ఏమవుతుందో తెలుగు నేలకు తరతరాలుగా తెలుసు. బోదకాలు అంటే అదే. ఈ వ్యాధిని 2027 నాటికి నిర్మూలించాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. మంచి లక్ష్యమే. అయితే దాన్ని మాత్రల పంపిణీతో సరిపెట్టుకుంటే సగం పనే అవుతుంది. ఇప్పటికే కాలు వాచినవారికి ఆ కాలిని రోజూ ఎలా చూసుకోవాలో నేర్పడం, ఏళ్ళ తరబడి వారిని విడవకుండా కనిపెట్టుకుని ఉండటం మిగతా సగం. ఆ సగాన్ని మనం దయ కిందో సేవ కిందో జమకడుతున్నాం. అది అసలు సిసలు వైద్యమని మన ఒంటి నిర్మాణమే చెబుతోంది.

ముందు ఆ నిర్మాణం సంగతి చూద్దాం. గుండె కొట్టే ఒత్తిడికి సన్నని రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా కొంత నిరంతరం బయటికి ఊరుతూ ఉంటుంది. కణాలకు ఆహారం అందేది అలాగే. ఆ ఊరిన నీటిలో రక్తం మళ్ళీ తీసుకోలేనిదాన్ని, దానితోపాటు జారిపోయిన మాంసకృత్తులను, శోషరస నాళాలు పీల్చుకుంటాయి. అలా అవి రోజుకు సుమారు 3 లీటర్లు తిరిగి రక్తంలో కలుపుతాయని వైద్య గ్రంథాల లెక్క. పెద్దవారి ఒంట్లో ఉండే ప్లాస్మా మొత్తం కూడా దాదాపు అంతే. అంటే ఈ నాళాలు ఒక్కరోజు పనిచేయడం మానేస్తే మనిషి నిలబడలేడు. ఇంత పని చేసే ఈ వ్యవస్థకు గుండెలాంటి పంపు లేదు. నాళాల గోడలు తమంతట తామే ముడుచుకోవడం, నడిచేటప్పుడు పిక్క కండరాలు నొక్కడం, ఊపిరి తీసినప్పుడు ఛాతీలో వచ్చే ఒత్తిడి మార్పు, వీటితోనే ద్రవం పైకి ఎక్కుతుంది. ఎక్కినది కిందికి జారకుండా అడుగడుగునా చిన్న చిన్న కవాటాలుంటాయి. కాళ్ళ నుంచి బయల్దేరిన శోషరసం గజ్జలు దాటి, పొట్ట, ఛాతీ గుండా పైకి వెళ్ళి, మెడ కింద ఎడమవైపున పెద్ద సిరలో కలుస్తుంది. ఇటలీ వైద్యుడు గాస్పరె అసెల్లి 1622లో ఒక కుక్క పేగుల చుట్టూ పాలలాంటి ద్రవం నిండిన నాళాలను చూసేదాకా వైద్య లోకానికి వీటి మీద సరైన దృష్టే లేదు. పైకి కనబడవు, తెగినా నెత్తురు కారదు. అందుకే వీటిని గుర్తించడం ఆలస్యమైంది. గౌరవించడం ఇంకా ఆలస్యమవుతోంది.

ఈ నాళాలు మోసేది నీటిని మాత్రమే అయితే కథ ఇంత ముఖ్యమయ్యేది కాదు. రోగనిరోధక వ్యవస్థకు రహదారి కూడా ఇదే. వేలి సందులో చర్మం చిట్లి సూక్ష్మక్రిమి లోపలికి వచ్చిందనుకుందాం. అక్కడ కాపలా ఉన్న కణాలు దాన్ని మింగి, దాని ఆనవాళ్ళు పట్టుకుని శోషరస నాళాల్లోకి దిగి, దగ్గర్లోని శోషరస గ్రంథికి ప్రయాణమవుతాయి. ఇలాంటి గ్రంథులు ఒంట్లో వందలున్నాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో గుంపులుగా ఉంటాయి. మూలుగలో పుట్టి ఛాతీలోని థైమస్ గ్రంథిలో శిక్షణ పొందిన టీ కణాలు, యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలు అక్కడ వేచి ఉంటాయి. వచ్చిన ఆనవాలును గుర్తుపట్టగలిగిన కణాలు వేలకు వేలుగా పెరిగి, మళ్ళీ ఆ నాళాల గుండానే రక్తంలోకి చేరి, క్రిమి ఉన్న చోటికి బయల్దేరతాయి. లింఫోసైట్లనే ఈ కణాలు రక్తం నుంచి శోషరసంలోకి, శోషరసం నుంచి రక్తంలోకి నిత్యం తిరుగుతూ ఉంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ గోవన్స్ 1950ల చివర్లో నిరూపించాడు. కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందని మన పెద్దలు అంటారు. ఆ బిళ్ళ ఈ పోరుకు గుర్తు. కాలిలో జరుగుతున్న దాడి కబురు గజ్జలకు అందిందని, అక్కడ సైన్యం సిద్ధమవుతోందని అర్థం. కాబట్టి శోషరస నాళం పాడైన కాలికి రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. నీరు నిలిచిపోతుంది, కాపలా తెగిపోతుంది. మొదటి నష్టం అందరికీ కనబడుతుంది. రెండోది కనబడదు. బోదకాలు విషయంలో మనం చేస్తున్న పొరపాట్లన్నీ ఈ రెండో నష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వస్తున్నవే.

బోదకాలును తెచ్చే ఫైలేరియా పురుగు ఆ నాళాలనే ఇల్లుగా ఎంచుకుంది. మన దేశంలో ఈ జబ్బుకు దాదాపు పూర్తిగా కారణం వుచెరేరియా బాంక్రాఫ్టీ అనే దారప్పోగులాంటి పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషి నుంచి మనిషికి చేరుస్తుంది. దోమ కుట్టిన చోట చర్మం మీద పడ్డ పిల్ల పురుగులు లోపలికి దూరి, శోషరస నాళాల్లో చేరి, పెద్దవై, ఏళ్ళ తరబడి అక్కడే కాపురం ఉంటాయి. అవి కనే లక్షలాది సూక్ష్మ పిల్లలు రక్తంలో కలుస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రి పూట గనక ఆ పిల్లలు కూడా అర్ధరాత్రి వేళకే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రి వేళ ఇళ్ళకు వచ్చి నెత్తుటి చుక్క తీసుకునేది అందుకే. ఈ జబ్బును దోమ మోస్తుందనడానికి మొదటి ఆధారాన్ని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్ రేవు పట్టణంలో కనుక్కున్నాడు. ఒక కీటకం మనిషి జబ్బుకు వాహకమని వైద్యం తొలిసారి తెలుసుకున్నది ఈ వ్యాధి దగ్గరే. బతికున్న పురుగు ఒంటి సైన్యాన్ని మెల్లగా జోకొడుతుంది. మన సొంత కణజాలం మీద మనమే దాడి చేసుకోకుండా అదుపు చేసే టీ కణాలను, రసాయనాలను తన రక్షణకు వాడుకుంటుంది. అందుకే పురుగు ఉన్నవారిలో ఎక్కువమందికి ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తే మాత్రం ఉబ్బిన నాళంలో పురుగులు మెలికలు తిరుగుతూ కనబడతాయి. డాక్టర్లు దాన్ని ఫైలేరియా నాట్యం అంటారు. బయటికి నిగనిగలాడే కాలి లోపల కవాటాలు ఒక్కొక్కటే పట్టు తప్పుతుంటాయి.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. పురుగు నాళాన్ని ఉబ్బిస్తుంది, సరే. ఆ కాలు ఏనుగు కాలిలా మారడానికి కారణం ఏమిటి? పురుగే మూసేసి వాపు తెస్తుందని చాలాకాలం అనుకున్నారు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో గెరూసా డ్రేయర్, ఆమె సహచరులు 1990ల నుంచి చేసిన పరిశీలనలు ఈ ఆలోచనను మార్చాయి. కవాటాలు చెడిన కాలిలో మాంసకృత్తులతో చిక్కబడ్డ ద్రవం నిలిచిపోతుంది. కాపలా కణాలు గజ్జలకు కబురు వేళకు చేర్చలేవు. అలాంటి కాలిలో వేళ్ళ సందున ఒక చిన్న పుండు, ఒక తామర మచ్చ, ఒక గోరు చీలిక చాలు. మామూలు మనిషికి రెండు రోజుల్లో మానిపోయే గాయంలోంచి బ్యాక్టీరియా లోపలికి దూరి, అడ్డులేకుండా పాకుతుంది. చలితో జ్వరం, ఎర్రగా కాలిపోతున్నట్టు కాలు, గజ్జల్లో బిళ్ళ, రోజుల తరబడి మంచం. ప్రతి దాడి తర్వాత మిగిలి ఉన్న నాళాలు మరికొన్ని మచ్చకట్టి మూసుకుపోతాయి, చర్మం మరికాస్త గట్టిపడుతుంది, మడతలు మరికాస్త లోతవుతాయి. ఆ మడతల్లో తేమ చేరి కొత్త దాడికి చోటిస్తుంది. అంటే కాలిని మొదట దెబ్బతీసింది పురుగే, కానీ అది రాయిలా మారడానికి ముఖ్య కారణం మళ్ళీ మళ్ళీ వచ్చే బ్యాక్టీరియా. పురుగు ఎప్పుడో చచ్చిపోయినా కాలు పెరుగుతూనే ఉండటానికి కారణం ఇదే. మాత్ర మింగితే వాపు ఎందుకు తగ్గదని బాధితులు అడిగే ప్రశ్నకు జవాబూ ఇదే.

ఈ సంగతి అర్థమైతే చేయాల్సిందేమిటో దానంతటదే తేలుతుంది. సైన్యం చేరలేని కాలికి చర్మమే చివరి కోటగోడ. ఆ గోడకు కన్నం పడకుండా చూసుకోవాలి. రోజూ మామూలు సబ్బు, శుభ్రమైన నీళ్ళతో కాలు కడగాలి. వేళ్ళ సందులు, మడతలు ఒక్కటీ వదలకుండా గుడ్డతో మెత్తగా అద్ది ఆరనివ్వాలి. సందులు ఒరిస్తే తామర మందు, పుండు ఉంటే యాంటీబయాటిక్ పూత రాయాలి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ పిక్క కండరాలకు పని చెప్పాలి, ఎందుకంటే ఈ నాళాలకు ఉన్న పంపులలో అదొకటి. ఒరుసుకోని చెప్పులు వేసుకోవాలి. జ్వరంతో దాడి వస్తే ఆకు పసర్లు, వేడి కాపడాలు, తోమడాలు మాని, కాలికి విశ్రాంతినిచ్చి, వెంటనే డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ తీసుకోవాలి. ఇవన్నీ చదవడానికి చాలా చిన్న పనులు. మన పక్కనే ఉన్న ఒడిశాలోని ఖుర్దా జిల్లాలో చర్చెస్ ఆక్సిలరీ ఫర్ సోషల్ యాక్షన్ సంస్థ 2007 నుంచి గ్రామాల్లో బాధితులకు సరిగ్గా ఈ పనులే నేర్పింది. రెండేళ్ళపాటు వారిని పరిశీలించిన అధ్యయనంలో వారి ఇబ్బంది తగ్గింది, పనికి వెళ్ళలేని రోజులు తగ్గాయి. కూలి దొరికితేనే పొయ్యి వెలిగే ఇంట్లో పనికి వెళ్ళగలిగిన రోజులు పెరగడమంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. కొత్త మందు ఏదీ కనిపెట్టకుండా, సబ్బూ నీళ్ళూ శిక్షణతో సాధించిన ఫలితమది.

మాత్రల విలువను తగ్గించడం ఈ వాదన ఉద్దేశం కాదు. అలా తగ్గిస్తే అది తెలుగువారి సొంత చరిత్రకే అన్యాయం. ఫైలేరియాకు ఇప్పటికీ వెన్నెముకగా ఉన్న డైఇథైల్‌కార్బమజీన్, అందరూ డీఈసీ అనే మందు, 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో వెలుగు చూసింది. అప్పుడు అక్కడి పరిశోధనలకు సారథి యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో పుట్టింది భీమవరంలో, ఫైలేరియా పాతుకుపోయిన డెల్టా గడ్డ మీద. దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ వ్యాధి మీద సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి రాజమహేంద్రవరంలో నెలకొంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తా జిల్లాలు, నల్గొండ, కరీంనగర్, నిజామాబాద్, మెదక్ లాంటి తెలంగాణ జిల్లాలు వ్యాధి పీడిత ప్రాంతాల జాబితాలో ఉండేవి. 2004 నుంచి అలాంటి జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ డీఈసీ మింగించే సామూహిక కార్యక్రమం చేపట్టారు, తర్వాత దానికి ఆల్బెండజోల్ జత చేశారు. 2018 చివరి నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. వీటివల్ల రక్తంలో పురుగు పిల్లలున్నవారి సంఖ్య బాగా తగ్గింది. కొత్త తరం పిల్లలు ఈ శాపం లేకుండా పెరిగే వీలు కలిగింది. ఇది చిన్న విజయం కాదు. కానీ డీఈసీ ముఖ్యంగా రక్తంలోని పిల్ల పురుగులను చంపుతుంది, పెద్ద పురుగులలో కొన్నింటిని మాత్రమే చంపగలదు. చెడిన కవాటాన్ని అది బాగుచేయలేదు. సుబ్బారావు పరిశోధన బృందం ఇచ్చిన మందు వ్యాధి వ్యాప్తిని ఆపే ఆయుధం. వ్యాధితో బతుకుతున్న మనిషికి కావలసింది మరొకటి.

ఏ జబ్బూ లేనివాళ్ళు మందు ఎందుకు మింగాలన్న ప్రశ్న మాత్రల రోజున ప్రతి ఊళ్ళో వినిపిస్తుంది. మాత్రలు తీసుకుని గూట్లో పెట్టేసేవారు తక్కువేమీ లేరు. వారి సందేహానికి విసుక్కోకుండా జవాబు చెప్పాలి. పైన చూసినట్టు, పురుగు ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలిసేటప్పటికి కవాటాలు పోయి ఉంటాయి. మింగిన రోజు కొందరికి జ్వరం, తలనొప్పి, తల తిరగడం వస్తాయి. మందు పడలేదని జనం భయపడతారు. చాలావరకు అది ఒంట్లో చనిపోతున్న పురుగు పిల్లల మీద రోగనిరోధక వ్యవస్థ చూపే ప్రతిస్పందన. అంటే ఆ మనిషికి మందు అవసరమే ఉందనడానికి అది సాక్ష్యం. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఎలాగూ ఇవ్వరు. మరికొందరు ఇంకో మాట అంటారు: మంచి తిండి తిని, కషాయాలు తాగి, ఇమ్యూనిటీ పెంచుకుంటే చాలదా అని. రోగనిరోధక శక్తి అంటే ట్యాంకులో నీటి మట్టంలా పెంచుకునే ఒకే ఒక వస్తువు కాదు. అది వేర్వేరు కణాల, నాళాల, గ్రంథుల మధ్య నడిచే సమన్వయం. ఫైలేరియా పురుగు ఆ సమన్వయాన్నే తనకు అనుకూలంగా తిప్పుకుంటుంది. దారి తెగిన కాలికి ఎంత సైన్యం ఉన్నా ఉపయోగం లేదు. మంచి తిండి అందరికీ కావాలి, కానీ అది కవాటాన్ని కుట్టలేదు, దోమను ఆపలేదు.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం వేరే ఉంది. వ్యాధి తగ్గుముఖం పట్టింది, కొత్త కేసులు ఆగిపోతే పాత బాధితులతోపాటు సమస్య కూడా కాలగర్భంలో కలిసిపోతుంది, పరిమితమైన డబ్బును నివారణ మీద పెట్టడమే తెలివి కదా అని ఆరోగ్య బడ్జెట్ల గురించి ఆలోచించేవారు అడుగుతారు. ఇందులో న్యాయం ఉంది. నివారణకు పెట్టే రూపాయిలో ఎవరూ కోత పెట్టకూడదు. అయితే ఈ లెక్కలో మూడు పొరపాట్లున్నాయి. మొదటిది, దేశంలో కాలు వాచినవారుగా నమోదైనవారే అయిదు లక్షలకు పైగా ఉన్నారు. వారిలో నడివయసువారు కూడా ఉన్నారు, వారి ముందు ఇంకా దశాబ్దాల జీవితం ఉంది. రెండోది, ఏమీ చేయకపోవడం ఉచితం కాదు. దాడి వచ్చిన ప్రతిసారీ పోయే కూలి, ప్రైవేటు ఆస్పత్రికి, నాటు వైద్యానికి పెట్టే అప్పు, చదువు మానేసి తల్లి పక్కన కూర్చునే ఆడపిల్ల, ఇవన్నీ ఖర్చే, బడ్జెట్ పుస్తకంలో కనబడని ఖర్చు. మూడోది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి నిర్మూలనకు రెండు స్తంభాలు పెట్టింది. వ్యాప్తిని ఆపడం ఒకటి, బాధితుల సంరక్షణ రెండోది. ఒక దేశం ధ్రువపత్రం కోరితే రెండో స్తంభానికి సంబంధించిన ఆధారాలు కూడా చూపాలి. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఆ ధ్రువీకరణ పొందాయి. మన ఇరుగుపొరుగు చేయగలిగిన పని మనకు భారమని చెప్పుకోవడం మర్యాద కాదు.

కాలు కడుక్కోవడం ఎవరి ఇంట్లో వారు చేసుకునే పని, దానికి ప్రభుత్వం ఎందుకు అనేది ఇంకో అభ్యంతరం. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ సూది తమంతట తామే పొడుచుకుంటారు. అయినా దాన్ని వైద్యం కాదని ఎవరూ అనరు, ఎలా పొడుచుకోవాలో ఎవరో ఒకరు నేర్పే తీరాలి. బోదకాలు సంరక్షణ కూడా అలాంటి నైపుణ్యమే. బరువెక్కిన కాలి మడతల లోపలికి చేయి పోనివ్వాలి, వంగలేని ముసలి ఒంటితో పాదం దాకా అందుకోవాలి, బిందె నీళ్ళకు ఆలోచించే ఇంట్లో రోజూ నీళ్ళు కేటాయించుకోవాలి, వరి నాట్ల కాలమంతా బురదలో నిలబడే కాళ్ళ వేళ్ళ సందులు ఒరిసిపోకుండా చూసుకోవాలి. గట్టిగా రుద్దితే చర్మం చిట్లుతుంది, మెత్తగా వదిలేస్తే మురికి మిగులుతుంది. ఒకసారి చెప్పి వెళ్ళిపోతే ఎవరికీ రాదు. చేసి చూపాలి, చేయించి చూడాలి, మళ్ళీ నెలకు వచ్చి అడగాలి. అన్నిటికన్నా ముందు సిగ్గు పోగొట్టాలి. బోదకాలు ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి, పిల్లను చేసుకోవడానికి వెనకాడే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అందుకే బాధితులు చీర కుచ్చిళ్ళ కింద, పంచె కింద కాలిని దాచుకుంటారు. దాచుకున్న కాలికి వైద్యం అందదు. ఆ వాపు ఒకరి నుంచి ఒకరికి తాకితే అంటుకునేది కాదని, పాపపుణ్యాలతో దానికి సంబంధం లేదని ఊరికి నమ్మకం కలిగేలా చెప్పగలిగేది ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలే. వారికి ఆ శిక్షణ, ఆ సమయం, ఆ పనికి తగిన ప్రతిఫలం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.

మన రెండు రాష్ట్రాలూ ఈ బాధితులను పూర్తిగా మరిచిపోలేదని ఒప్పుకోవాలి. తెలంగాణలో ఆసరా పింఛన్లలో ఫైలేరియా బాధితులకు చోటిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు కాళ్ళకూ నాలుగో దశ బోదకాలు ఉన్నవారికి ప్రత్యేక పింఛను ఉంది. ఆ డబ్బు ఎందరికో అన్నం పెడుతోంది, దాన్ని తగ్గించాలని ఎవరూ అనకూడదు. అయితే వైద్యం కోణంలో చూస్తే మన సాయమంతా నిచ్చెన చివరి మెట్టు దగ్గర గుమిగూడి ఉంది. మొదటి దశలో వాపు రాత్రి పడుకుంటే తగ్గిపోతుంది. రెండో దశలో తగ్గడం మానేస్తుంది. తర్వాత చర్మం గట్టిపడి, ఆఖరికి మడతలు, బుడిపెలు తేలతాయి. సబ్బూ నీళ్ళూ వ్యాయామమూ ఎక్కువ ఫలితమిచ్చేది మొదటి రెండు దశల్లో. ఆ సమయంలో మనిషి ఏ జాబితాలోనూ ఉండడు, ఎవరూ తలుపు తట్టరు. కాలు పూర్తిగా చెడిపోయాక డబ్బు ఇస్తాం, చెడిపోకుండా ఆపగలిగినప్పుడు పలకరించం. బాధితుడికి నెల నెలా డబ్బు పంపే యంత్రాంగానికి అదే చిరునామాకు నెలకోసారి నర్సును పంపడం కష్టమేమీ కాదు. జాతీయ కార్యక్రమం కింద టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూత మందుతో కిట్లు ఇస్తున్నారు కదా అంటారు. కిట్టు ఇచ్చిన రోజు ఫొటో ఉంటుంది. సబ్బు అయిపోయిన రోజు ఎవరూ ఉండరు. కిట్టు ఒక సాధనం. దాన్ని వాడే అలవాటు కలిగించడమే చికిత్స.

కాబట్టి అడగాల్సినవి పెద్ద ఆస్పత్రులేమీ కావు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ పరిధిలోని బోదకాలు బాధితుల పుస్తకం ఉండాలి, అందులో మొదటి దశవారి పేర్లు ముందుండాలి. నెలకోసారి కాలు చూసి, గత నెలలో ఎన్నిసార్లు జ్వరం దాడి వచ్చిందో రాయాలి. ఆ సంఖ్య తగ్గిందా లేదా అన్నదే అధికారుల పనికి కొలత కావాలి, ఎన్ని కిట్లు పంచారన్నది కాకూడదు. దాడి వచ్చిన రోజే యాంటీబయాటిక్ అక్కడే దొరకాలి. పురుగు వల్ల వచ్చే వరిబీజానికి చిన్న శస్త్రచికిత్సతో విముక్తి ఉంది, దాన్ని జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లో సిగ్గుపడకుండా చేయించుకునే ఏర్పాటు ఉండాలి. ఈ నైపుణ్యం ఒక్క ఫైలేరియాకే పరిమితం కాదు. రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని గ్రంథులు తీసేసిన ఆడవారిలో కొందరికి చేయి వాస్తుంది. అక్కడ పురుగు లేదు, దోమ లేదు, తెగింది మాత్రం అవే నాళాలు. చర్మ సంరక్షణ, వ్యాయామం, పట్టీ కట్టడం నేర్చుకున్న నర్సు వారికీ అండగా ఉంటుంది. ఫైలేరియా తగ్గిపోయాక ఆ శిక్షణ వృథా అవుతుందన్న భయం అక్కర్లేదు. క్యాన్సర్ చికిత్సలు పెరుగుతున్న కొద్దీ శోషరస నాళాల గురించి తెలిసినవారి అవసరం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

చివరికి మళ్ళీ డ్రెయిన్ దగ్గరికే రావాలి. క్యూలెక్స్ దోమ శుభ్రమైన నీటికన్నా నిలిచి కుళ్ళిన మురుగునే కోరుకుంటుంది. ఫైలేరియా ఒకటి రెండు కాట్లకు వచ్చే జబ్బు కాదు, నెలల తరబడి, ఏళ్ళ తరబడి కాటు మీద కాటు పడితేనే స్థిరపడుతుంది. అంటే ఈ జబ్బు ఎక్కువగా ఉన్న చోట మురుగు చాలాకాలంగా కదలకుండా ఉందని అర్థం. వీధిలో నిలిచిన నీరే దోమను పెంచి, దోమ పురుగును మోసి, పురుగు మనిషి ఒంట్లోని కాలువను చెడగొట్టింది. ఈ గొలుసులో బాధితుడు తన చేతులారా చేసిన తప్పు ఒక్కటీ లేదు. తప్పు ఊరిది, పంచాయతీది, మునిసిపాలిటీది, అంటే మనందరిది. సామూహిక నిర్లక్ష్యం వల్ల పాడైన కాలి బాగోగులు చూసుకోమని ఆ ఒక్క మనిషికే వదిలేయడం న్యాయం కాదు. మాత్రలు మింగించే రోజున ఇంటింటికీ వెళ్ళగలిగిన వ్యవస్థ, ఆ ఇంట్లో మూలన కాలు దాచుకుని కూర్చున్న మనిషి ముందు టబ్బు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒక్కో వేలి సందూ ఎలా కడగాలో, ఎలా ఆరబెట్టాలో చేసి చూపడానికి మరో అరగంట కూర్చోగలదు. ఫైలేరియా పోయిందని ప్రకటించే రోజు తప్పక రావాలి. ఆ రోజున ఆ అరగంట ఎంతమందికి అందిందన్న లెక్క కూడా మన దగ్గర ఉండాలి.